ముప్ఫై ఎనిమిదో స్తంభం దగ్గర కమలాతొక్కలు

హలో… ఆఁ, నేనే వదినా, నెవెనానే. నా ఫోను ఇంకెవరెత్తుతారు?…

వినిపిస్తోందిలే, అరవకు. ఫోన్ని టోపీలోకి దూర్చి చెవికి ఆనించుకున్నా. చలికి బ్యాటరీ ఊరికే పడిపోతోంది. ఇలాగైతే కాస్త వెచ్చగా ఉంటుంది దానికి…

బయటే. కొండ మీద…

తెలుసు వదినా. పొద్దున్న ఏడింటికే చేశాడు మన సంఘం అధ్యక్షుడు. "ఈ శనివారం చెత్త ఏరే నడక లేదు, పొగమంచు వస్తోంది, ఎవరూ కొండెక్కద్దు" అని…

వినలేదు. ఎప్పుడు విన్నాను గనక?…

ఇంట్లో కూర్చుని ఏం చెయ్యమంటావ్? ముప్ఫై ఏళ్ళు ట్రాలీ బస్సు తోలాను. ఈ జన్మకి సరిపడా కూర్చోవడం ఆ సీట్లోనే అయిపోయింది. పొద్దున్నించీ వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి తిరిగా. పిల్లి కూడా విసుక్కుంది. సంచులు తీసుకుని వచ్చేశా…

రెండు నిండాయి. మూడోది సగం… కొత్త సంవత్సరం కదా, జనం ఎక్కి పండగ చేసుకుని పోయారు. బాణసంచా గొట్టాలు, ప్లాస్టిక్ గ్లాసులు, నడిమికి విరిగిన జారుడు బండి… ఆ, పిల్లలు కూర్చుని జారతారే, అదే. దాన్ని కూడా వీపుకి కట్టుకున్నా. ఇంకా విను. ఒక షాంపేన్ సీసా, దాని మెడకి టై కట్టుంది. మగాళ్ళు కట్టుకునే పట్టు టై! ఇంటికెళ్ళాక వాడికి అయ్యుంటుంది పెళ్ళి…

నవ్వు, నవ్వు. ఎవడో తింటాడు, తాగుతాడు, విసిరేస్తాడు, నెవెనా వంగి ఏరుతుంది. నడుం మాత్రం నాది.

…

ఉత్తరం దారిలో… ఆఁ, ఉత్తరమే. అడవి దాటి పైకొచ్చేశా… ఎందుకంటే ఏముంది, చెత్త ఎక్కడుంటే అక్కడికి.

…రాను, నిజమే. మామూలుగా ఈ దారిన రాను. ఇవాళ వచ్చా…

నా గొంతుకేమైంది? ఎక్కుతున్నా వదినా, ఆయాసం రాదా? యాభై ఎనిమిదేళ్ళ దాన్ని.

నువ్వేం చేస్తున్నావ్?… చిక్కుడు గింజల సూపా! పైన నీ సత్రంలో ఎంతమందున్నారేంటి?… ఇద్దరేనా? ఎవరు, ఆ పళ్ళ డాక్టరూ వాళ్ళావిడా?… పాపం, డబ్బిచ్చి మరీ పొగమంచు చూడ్డానికి వచ్చారన్నమాట. మరి ఇద్దరికోసం అంత గుండిగ పెట్టావేం?… అవున్లే, నీకు తక్కువ వండటం ఎప్పుడొచ్చింది.

ఉండు. ఇంకోటి పడుంది ఇక్కడ…

కమలాతొక్క. ఐదోది ఇది. ముప్ఫై మూడో స్తంభం దగ్గర మొదలైంది, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒకటి చొప్పున. దారి చూపే ఇనప స్తంభాలే సరిగ్గా కనిపించట్లేదు ఈ మంచులో, ఈ తొక్కలు మాత్రం దీపాలు పెట్టినట్టున్నాయి…

కుళ్ళిపోతుందని నువ్వు కూడా అనకు. ప్రతివాడూ అదే మాట. తొక్కేగా, ప్లాస్టిక్ కాదుగా అని. ఈ చలిలో ఏం కుళ్ళుతుంది? ఎండాకాలం దాకా రంగు కూడా మారదు. వాడి నడక ఒక్క పూట, నా ఏరుడు మూడు నెలలు.

తాజాదే… వంచితే వంగుతోంది, ఇంకా గడ్డకట్టలేదు. ఇవాళ పొద్దున ఎవరో పోయారు ఈ దారిన…

…

ఏం లేదు.

…ఏం లేదన్నాగా. తొక్క చూస్తున్నా.

వదినా… ఇది ముక్కలుగా ఒలిచింది కాదు. ముచ్చిక దగ్గర్నించి అడుగు దాకా ఒక్కటే చుట్టు. ఎక్కడా తెగలేదు. ఎత్తి పట్టుకుంటే ఊగుతోంది.

…

వదినా?… ఉన్నావా?…

నువ్వూ అదే అనుకుంటున్నావని నాకు తెలుసు… చాలామంది అలాగే ఒలుస్తారు… ఒలవరా? సరే, ఒలవరు. మా ఇంట్లో ఒక్కడే ఒలిచేవాడు. ఒలిచి నా మెడలో వేసేవాడు, హారం అని.

…

వదినా, ఒక మాట చెప్పాలి. తిట్టకుండా విను. విన్నాక తిట్టు… మీ ఆయన ఊళ్ళో ఉన్నాడు…

మీ ఆయన కాడా? సరే, మా అన్న. మెతోది. ఊళ్ళో ఉన్నాడు. నవంబర్లో వచ్చాడు… అవును, నవంబర్. ఇప్పుడు జనవరి. నాకు తెలుసు. నీకు చెప్పలేదు. కూరల బజార్లో ఎదురయ్యాడు, గడ్డం నెరిసిపోయింది. "నెవెనా" అన్నాడు. నేను పలకలేదు, క్యాబేజీ వదిలేసి వచ్చేశా… చెప్పాల్సింది. నీ ఎదురుగా కూర్చుని నీ రొట్టె తింటూ చెప్పలేకపోయా. ఆరేళ్ళకి నువ్వు రాత్రుళ్ళు నిద్రపోతున్నావ్, మళ్ళీ ఎందుకు కదపాలి అనుకున్నా…

అది కాదు. అసలుది ఇంకా చెప్పలేదు.

గురువారం ఫోన్ చేశాడు. "మార్చిలో రాద్కా సత్రం వదిలేస్తోందట, నిజమేనా" అన్నాడు. నిజమే అన్నా. "ఇప్పుడు పైనే ఉందా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళు లేని ఆరా ఇప్పుడెందుకు? "వెళ్ళి చూసుకో, దారి నీకు తెలుసుగా" అని పెట్టేశా. అంతే. అంతే అన్నా. నిన్న పొగమంచు వార్త విన్నదగ్గర్నించి నాకు కాలు నిలవట్లేదు… అవును, అందుకే ఉత్తరం దారి. దక్షిణం వైపు బస్టాండ్ దగ్గర అందరూ వాణ్ణి గుర్తుపడతారు. వస్తే దొంగలా ఇటునుంచే వస్తాడని…

…

వదినా?… మాట్లాడు… గరిటె చప్పుడు వినిపిస్తోంది, ఉన్నావని తెలుసు.

…ఏమోలే, వెనక్కి తిరిగెళ్ళి ఉంటాడు. అడుగులు చూస్తే పోయినట్టూ ఉన్నాయి, వచ్చినట్టూ ఉన్నాయి. నిజం వదినా, చోద్యంగా ఉంది. ముప్ఫై ఆరు దాకా వెళ్ళాడు, వెనక్కి తిరిగాడు, మళ్ళీ వెళ్ళాడు. ఇక్కడ కూర్చున్నాడు కూడా. కూర్చున్న గుంట, పక్కన ఇంకో ఐదు తొక్కలు… 

ఏమో, ఏం ఆలోచించాడో. నన్నడుగుతావేం?…

నడుస్తున్నా, నడుస్తున్నా. ముప్ఫై ఏడు… ముప్ఫై ఎనిమిది. ఇక్కడొక తొక్క ఉంది. తర్వాతది ఏదీ… ముప్ఫై తొమ్మిదికి అడుగులు లేవు. శుభ్రంగా ఉంది మంచు.

…అయ్యో.

ఎడమ పక్కకి పోయాయి. దారి వదిలేసి. పొగమంచులో స్తంభం కనబడక వాగు లోయ వైపు దిగాడు వదినా… ఇక్కడ మంచు కింద గడ్డ గాజులా ఉంది. జారిన గాడి ఉంది. మనిషి వెడల్పు గాడి.

…

నేను ఊరికే ఉండను. ఉండమని చెప్పకు… కర్ర ఉంది, బూట్లకి మేకుల పట్టీలున్నాయి, కొమ్మలు పట్టుకుని కూర్చుని దిగుతా. నువ్వు ఆ రేడియో అందుకో. ముప్ఫై ఎనిమిదో స్తంభం, ఎడమ పక్క లోయ, జారిపడిన మనిషి, అని రక్షణ దళానికి చెప్పు… పేరా? పేరెందుకు, మనిషంటే రారా?

అన్నయ్యా!… మెతోదీ!…

…

ఏదో పలికింది. వదినా, ఏదో పలికింది. లైను పోతే కంగారు పడకు, నేనే చేస్తా—

*

హలో… వదినా?… హలో… ఆ, ఇప్పుడొచ్చింది. ఇదే చోట, ఈ బండ మీద నిలబడితేనే ఒక్క గీత వస్తోంది. కిందికి పదడుగులు దిగితే మళ్ళీ సున్నా. అందుకే చెయ్యలేకపోయాడు వాడు కూడా. చేద్దామన్నా వాడి ఫోను ఎప్పుడో చచ్చింది…

బతికే ఉన్నాడు. బతికే ఉన్నాడు వదినా. కూర్చో ముందు… సరే, నిలబడే విను.

కుడి కాలు. మోకాలి కింద. బూటు ఒక పక్కకి చూస్తోంది, మోకాలు ఒక పక్కకి. బూటు ముట్టుకోలేదు నేను… తల బానే ఉంది. నుదుటి మీద గీరుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. వణుకుతున్నాడు. వణకడం మంచిదేనంటారుగా? మానేస్తేనే భయం… తొమ్మిదిన్నరకి పడ్డాడట. మూడు గంటలు, మంచు మీద.

రక్షణ వాళ్ళేమన్నారు?… రెండు గంటలా?… హెలికాప్టర్ ఎగరదు, నిజమే, దీంట్లో ఏం ఎగురుతుంది. అడవి రోడ్డు చివరిదాకా బండిలో వచ్చి అక్కణ్ణించి నడవాలి. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు…

చేశా. అన్నీ చేశా. నా సంచిలో ఉండే వేడి ఆపే రేకు దుప్పటి చుట్టా. మంచు మీద పడుకుంటే కిందనించి లాగేస్తుంది కదా వెచ్చదనమంతా, అందుకని సంచులు రెండూ వాడి కింద వేశా. చెత్త సంచులే! ఏరిన ప్లాస్టిక్ సీసాల మూతలు బిగించి లోపల గాలి ఉంచా, పైన ఆ విరిగిన జారుడు బండి, దాని మీద వాడు. మెత్తగానే ఉందన్నాడు. మూడో సంచి చింపి కాళ్ళకి చుట్టా. నా చొక్కా ఒకటి తీసి తలకి. బాణసంచా గొట్టాలు రెండు అటూ ఇటూ పెట్టి, ఆ పట్టు టైతో కాలు కట్టా… అవును, ఆ టైయే. ఇంకేముంది నా దగ్గర?

టీ తాగాడు. చిన్న చిన్న గుక్కలు. వాడి సంచిలో రాకియా సారా సీసా ఉంది, తీసి అవతల పడేశా… ఏరుకుంటాలే తర్వాత!

ఏమన్నాడా?…

కళ్ళు తెరిచి నన్ను చూసి, ముందు "రాద్కా పైనే ఉందా" అన్నాడు. కాలు అనలేదు, చలి అనలేదు. ఉంది, సూప్ వండుతోంది అన్నా. "చిక్కుడు గింజలా" అన్నాడు.

…

వదినా, ఏడవకు. నువ్వేడిస్తే నేనూ మొదలుపెడతా, ఇక్కడ కన్నీళ్ళు కూడా గడ్డకడుతున్నాయి.

నేను తిట్టలేదనుకుంటున్నావా? దిగుతూ దిగుతూనే తిట్టా. "పదకొండు తొక్కలు పారేశావ్, పదకొండూ ఏరా" అన్నా. "నువ్వు వస్తావని పారేశావా" అని కూడా అడిగా, ఏదో తెలివి ఉపయోగించాడేమో అని. "లేదు, తిని పారేశా" అన్నాడు. అంతే వాడు. ఏం మారలేదు…

నీకోసం కొన్నవట. మూడు కిలోలు. నీకు ఇష్టమని. ప్రతి స్తంభం దగ్గరా ఆగి, వెళ్ళనా మాననా అనుకుంటూ ఒక్కోటి తినేశాడు. ఒకటి తిని వెళ్దాం అనుకున్నాడట, తిన్నాక ఇంకోటి తిని తిరిగెళ్దాం అనుకున్నాడట. ఎనిమిది మిగిలాయి సంచిలో.

అన్నయ్యా! కళ్ళు మూయకు! వింటున్నావా?… చెయ్యెత్తు!… ఎత్తాడు.

మగతగా ఉన్నాడు వదినా. ఇప్పుడే గట్టిగా మాట్లాడాడు, ఇప్పుడే తల వాలుస్తున్నాడు. ఏం మాట్లాడాలో నాకు తెలియట్లేదు. నేనేదైనా అంటే తిట్టే వస్తుంది…

నువ్వడుగుతావా? నేనెలా… ఆ, సరే. నువ్వు చెప్పు, నేను కేకేస్తా. వాడు చెప్పింది నీకు చెప్తా. చెప్పు…

అన్నయ్యా! రాద్కా అడుగుతోంది! కింద గదికి మెట్లెన్ని?…

పద్నాలుగట… తప్పా? అన్నయ్యా, తప్పట!… "పదమూడు, ఒకటి విరిగింది" అంటున్నాడు… ఒప్పా? ఒప్పేనట!

ఇంకోటి… అన్నయ్యా, పొయ్యి పక్కన మేకుకి ఏముంటుంది?… "అల్యూమినియం జల్లెడ" అంటున్నాడు… ఇంకా అక్కడే ఉందా? ఇంకా అక్కడే ఉందట అన్నయ్యా!

నవ్వాడు వదినా. దగ్గులాగా వచ్చింది గానీ నవ్వే.

ఇంకా అడుగు, ఆపకు… ఆఁ… వర్షాకాలం కప్పు ఎక్కడ కారుతుంది? ఇదేం ప్రశ్న… సరే. అన్నయ్యా, కప్పు ఎక్కడ కారుతుంది?… "ఆరో గది, కిటికీ పక్క మంచం మీద, తను బాగు చేయించలేదా" అంటున్నాడు… ఎవరు చేస్తారు, నువ్వు చేస్తావా, అంటోంది నీ పెళ్ళాం!… చేస్తానన్నాడు. ఆ కాలుతోనే.

వదినా, ఆ చప్పుడేంటి?… గాలి. నీ వైపునించే వస్తోంది గాలి. వంటింట్లో గాలేంటి?… కిటికీ తీశావా? జనవరిలో?… 

వదినా, నువ్వు రొప్పుతున్నావ్… కుక్కా? కుక్క రొప్పుడు నాకు తెలుసు. నిజం చెప్పు, ఎక్కడున్నావ్?…

ఎప్పుడు బయల్దేరావ్?… నేను తొక్క సంగతి చెప్పినప్పుడా! మరి గరిటె చప్పుడు?… మంచుపార బండికి కొట్టుకుంటోందా. నేనిక్కడ నువ్వు సూప్ కలుపుతున్నావనుకుంటున్నా! మరి రేడియో?… మధ్యలో సత్రానికి ఫోన్ చేశావా, డాక్టరు భార్య మాట్లాడిందా. మంచిది. డాక్టరు?… నీతో వస్తున్నాడా? పళ్ళ డాక్టరైతే ఏం, ఎముక ఎముకే. ఈ పొగమంచులో దారి తప్పి ఉంటాడని సామాను బండి ముందే లాక్కొచ్చావా?… మంచి పని చేశావ్. సరే. సరే. కనుమ దాటారా?… దాటితే ఇంక దిగడమేగా. స్తంభం వదలకు వదినా, నీకు దండం పెడతా. ఒకదాని దగ్గర నించుని రెండోది కనిపించాకే కదలండి. ఇంకొకర్ని ఏరే ఓపిక నాకు లేదు.

…

వాడికి చెప్పనా, నువ్వొస్తున్నావని?… వద్దా? ఎందుకు?… సరే, చెప్పను.

ఉండు. పలకట్లేదు వీడు. అన్నయ్యా!… అన్నయ్యా, చెయ్యెత్తు!… వదినా, ఫోను బండ మీద పెట్టి కిందికెళ్తున్నా. పెట్టెయ్యకు—

అన్నయ్యా! లే, కళ్ళు తెరువు!… ఇటు చూడు. నా మొహం చూడు. నేనెవర్ని?… పూర్తి పేరు చెప్పు… ఆఁ. తాగు. తాగు అన్నా… ఇంకొక్క గుక్క… చేతులు నా చంకల్లో పెట్టు. సిగ్గేంటి, చిన్నప్పుడు పెట్టలేదా? పెట్టు… అబ్బా, చేతులా ఇవి, రాళ్ళు!… ఇప్పుడే వస్తా. పడుకోకు. పడుకుంటే తొక్కలన్నీ నీ మొహాన కొడతా…

హలో… ఉన్నావా?… ఆ, లేచాడు. కళ్ళు తెరిచాడు. కాసేపు ఎవరో అనుకున్నాడు నన్ను, తర్వాత "నెవెనా, బస్సు టైమైందా" అన్నాడు. ఇప్పుడు పర్లేదు. వణుకుతున్నాడు మళ్ళీ. ఎక్కడున్నావ్?… నలభై తొమ్మిదా? ఇంకా పదకొండు స్తంభాలు. తొందరగా రా… లేదు, తొందరపడకు. జారతావ్. తొందరగా రా గానీ తొందరపడకు.

…

అడగమంటావా? అదా?… వదినా, ఇప్పుడా?…

సరే. నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఏదైనా ఉందంటే అదే.

అన్నయ్యా! ఎందుకెళ్ళిపోయావ్? నేను కాదు, రాద్కా అడుగుతోంది!… 

…

మెలకువగానే ఉన్నాడు. పైకి చూస్తున్నాడు… 

"తెలీదు" అంటున్నాడు.

తెలీదంటే కుదరదు అన్నయ్యా! ఆరేళ్ళకి తెలీదంటే సరిపోదు! గ్యాసు బండలూ రొట్టెపిండికి ఈస్టూ తెస్తానని కొండ దిగినవాడివి, మూడు వారాలకి గ్రీసు నుంచి ఫోన్ చేశావ్! ఆ మూడు వారాలూ ఈ మనిషి ప్రతి బస్సుకీ కుక్కని పంపింది తెలుసా!… ఇది నువ్వు అడగమనలేదు వదినా, నేనే అడిగా. నాకూ ఉంటుందిగా.

ఏదో చెప్తున్నాడు. ఉండు, వినిపించట్లేదు, దిగి వింటా…

…

వదినా.

"ఆ చలికాలం మేం మూడు నెలలు మాట్లాడుకోలేదు" అన్నాడు. నిజమా?… నువ్వెప్పుడూ చెప్పలేదే నాకు… దేనికి?… సత్రం వదిలి ఊళ్ళోకి పోదామన్నాడా, మోకాళ్ళు నొప్పని. నువ్వు రానన్నావ్… అంతేనా? అంతదానికి మూడు నెలలా?… సరే, నేను తీర్పులు చెప్పట్లేదు. బస్సు తోలేదాన్ని, జడ్జీని కాదు.

ఇంకా ఉంది. ఎలా చెప్పాలి నీకు… ఆ రోజు పొద్దున, సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నించున్నాడట. నువ్వు వీపు తిప్పి పిండి కలుపుతున్నావట. ఎప్పుడొస్తావని అడుగుతావేమో అని నించున్నాడట. బూటు తాళ్ళు కట్టి, విప్పి, మళ్ళీ కట్టాడట. నువ్వు అడగలేదు.

…

వదినా?

…నడవడం ఆపేశావా? నడువు. ఆగకు. ఇది నడుస్తూ కూడా ఆలోచించొచ్చు…

నాకేం తెలుసు, అడిగుంటే ఏమయ్యేదో. బహుశా ఏమీ అయ్యేది కాదు. బండలు తెచ్చేవాడు, మీరు ఇంకో మూడు నెలలు మాట్లాడుకోకుండా ఉండేవాళ్ళు… 

నీదే తప్పని ఎవరన్నారు? అడక్కపోతే మాత్రం పోతారా? నోరు లేదా వాడికి? ఒక్క ఉత్తరం రాయచ్చుగా? నేను వాడి పక్క మాట్లాడట్లేదు. ఆరేళ్ళు నీ పక్కే ఉన్నా, ఇప్పుడూ నీ పక్కే. కానీ వాడి చేతులు ఇందాక నా చంకల్లో ఉన్నాయి వదినా. నేనేం చెయ్యను?

…

ఏంటి?… గాలికి వినబడలేదు, మళ్ళీ చెప్పు…

వినబడింది. గుమ్మంలో వాడున్నాడని నీకు తెలుసన్నమాట. బూటు తాళ్ళ చప్పుడు నువ్వూ విన్నావ్.

…

ఇది నేను చెప్పను వాడికి. వద్దు వదినా. మెట్లెన్ని, జల్లెడ ఎక్కడ అంటే అరిచి చెప్పాగానీ, ఇలాంటిది లోయలోకి ఎలా అరుస్తా? నువ్వే చెప్పుకో. వస్తున్నావుగా.

ఎంత ఇప్పుడు?… నలభై ఒకటి! నేను ఈల వేస్తా, విను…

వినిపించిందా?… నీది నాకు వినిపించలేదు. మళ్ళీ ఊదు… ఆఁ! ఆఁ! కుడి పక్క నించి! అదే, రండి, రండి. ముప్ఫై ఎనిమిదికి నా ఎర్ర కండువా కట్టా, అక్కడ ఆగండి. డాక్టరు గారికి చెప్పు, తాడు ముందు స్తంభానికి కట్టమని…

అన్నయ్యా! మనుషులొస్తున్నారు! ఈల విన్నావా?… ఎవరో మనుషులు! నీకెందుకు ఎవరైతే!

కుక్క కనిపించింది. పొగమంచులోంచి నల్లగా… వచ్చేసింది, సరాసరి కిందికి దూకింది. వాణ్ణి వాసన చూస్తోంది. గుర్తుపట్టిందో లేదో… సంచిలో మూతి పెట్టింది, కమలాలు కావాలట దానికి. ఛీ, పో అవతలకి!

నువ్వు కనిపిస్తున్నావ్ వదినా. స్తంభం దగ్గర. చెయ్యి ఊపుతున్నా చూడు, నీ కింద, బండ మీద… ఏంటా అవతారం? నడుముకి కట్టిన వంట గుడ్డ కూడా విప్పలేదా!… బూట్లయినా వేసుకున్నావా?… వేసుకున్నావ్, సంతోషం.

నేరుగా దిగకు. నేను దిగిన గాడి ఉంది, కొమ్మల పక్కన. తాడు పట్టుకో… ముందు డాక్టర్ని దిగనీ… ఎందుకు, నువ్వే ముందా? సరే, దిగు. కూర్చుని దిగు. వదినా, కూర్చుని దిగమన్నా!…

చూశాడు. తల తిప్పి చూశాడు వదినా. నిన్నే. మోచేతులు ఆనించి లేస్తున్నాడు…

అన్నయ్యా, ఏం చేస్తున్నావ్? పడుకో!… అన్నయ్యా, కదలకు, కాలు విరిగింది నీకు!… వదినా, పెట్టేస్తున్నా ఫోను. వీడు లేచి నిలబడుతున్నాడు—